‘వి’ అక్షరం సీసా

వంటల పేజీల పక్కన వైన్ కబుర్లేమిటమ్మా అని ముక్కున వేలేసుకోకండి. తాగమని చెప్పడానికి కాదు. ఫ్రాన్సులోని ఓ తోటవారి వైన్ సీసా వెనకాల ఒక తల్లీ కూతుళ్ల కథ ఉంది. అది చెబుదామనే.

ఫ్రాన్సుకి నైరుతి దిక్కున బోర్డో నగరం, దానికి దగ్గర్లో పోయాక్ అనే ఊరు. అక్కడిదే మూటాన్ రోత్‌షీల్డ్ ద్రాక్షతోట. నేలంతా గులకరాళ్లే. వాననీరు నిలవకుండా ఇంకిపోతుంది కనుక ద్రాక్షకి బాగా నప్పుతుంది. నల్లద్రాక్ష రసాన్ని తొక్కలతో సహా పులియబెడతారు. ఆ ఎరుపూ, వగరూ తొక్కల్లోంచి వచ్చినవే. తర్వాత ఓక్ చెక్క పీపాల్లో నిలవ చేస్తారు. ఏళ్ల తరబడి చెడకుండా కాపాడేవాటిలో ఆ వగరు ముఖ్యమైనది. సీసాల్ని పడుకోబెట్టి ఉంచేది ఎందుకంటారా? బిరడా ఎండిపోయి గాలి చొరబడకుండా!

రెండో తరగతి

1853లో నథానియేల్ డి రోత్‌షీల్డ్ ఈ తోటని వేలంలో కొన్నారు. రెండేళ్లకి పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకి తరగతులు కడితే దీనికి రెండోదే దక్కింది. 1922లో ఆయన మునిమనవడు ఫిలిప్ ఇరవై ఏళ్లకే పెత్తనం చేపట్టారు. అప్పట్లో వైన్‌ని పీపాల్లోనే వర్తకులకి అమ్మేసేవారు. సీసాల్లో నింపడం వాళ్ల పని. ఫిలిప్ 1924 పంట నుంచి మొత్తం తోటలోనే నింపించడం మొదలుపెట్టారు.

1945

ఇంతలో యుద్ధం. వీరిది యూదుల కుటుంబం. జర్మన్లకి లొంగిన విషీ ప్రభుత్వం తోటని లాక్కుంది. ఫిలిప్ తప్పించుకుని డి గాల్ సేనలో చేరారు. ఆయన భార్య ఎలిజబెత్ పుట్టుకతో యూదురాలు కాదు. అయినా 1944లో పదేళ్ల కూతురు ఫిలిపీన్ కళ్లముందే గెస్టపో వాళ్లు ఆవిడని పట్టుకుపోయారు. 1945 మార్చిలో రావెన్స్‌బ్రూక్ శిబిరంలో ఆవిడ కన్నుమూశారు. రెండు నెలలు తిరక్కుండానే యూరపులో యుద్ధం ముగిసింది.

ఆ మే నెల మొదట్లోనే మంచు పడి చిగుళ్లు మాడిపోయాయి. మిగిలిన కొద్దిపాటి పంటకి ఎండలు బాగా కాసి రసం చిక్కబడింది. ఆ ఏటి వైన్ శతాబ్దంలోకెల్లా గొప్పవాటిలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఫిలిప్ జూలియన్ అనే యువ చిత్రకారుడు దాని లేబుల్ మీద విజయానికి గుర్తుగా ‘వి’ అక్షరం వేశాడు. లోకానికి విజయమే, ఆ ఇంటికి మాత్రం ఇల్లాలు లేదు.

అప్పట్నుంచి దాదాపు ఏటా ఒక చిత్రకారుడి బొమ్మ వేస్తున్నారు. పారితోషికం వైన్ సీసాలే! డాలీ, షగాల్ వంటివారు వేశారు. 2009 పంటకి మన బొంబాయిలో పుట్టిన అనీష్ కపూర్ బొమ్మ పడింది. 1973లో మొదటి తరగతి కూడా దక్కింది. ఆ ఏటి లేబుల్ మీద పికాసో బొమ్మ.

కూతురి చేతుల్లో

ఫిలిపీన్ పెద్దయి పేరున్న రంగస్థల నటి అయ్యారు. 1988లో తండ్రి పోయాక తోట బాధ్యత నెత్తికెత్తుకుని, 2014లో కన్నుమూసేదాకా నడిపించారు. లేబుళ్ల అసలు చిత్రాల ప్రదర్శనని దేశదేశాలు తిప్పారు. ఇప్పుడు ఆవిడ పిల్లలు చూసుకుంటున్నారు.

1945 సీసా ఇవాళ వేలంలో లక్షల రూపాయలు పలుకుతుంది. కొనేవాళ్లు రుచికి వెల కడతారు. మనలాంటివాళ్లం ఆ ‘వి’ అక్షరం బొమ్మలో చూసినా, తల్లిని పోగొట్టుకున్న ఆ పదేళ్ల పిల్లే గుర్తుకొస్తుంది కదూ!