అందఱి మాట వినెడి పెద్దఱికము

పని జరుగు చోటనెల్ల పెద్ద యొకరుండుట తప్పదు. పాఠశాలకుఁ బ్రధానోపాధ్యాయిని, కార్యాలయమునకు నధికారిణి, పొదుపు సంఘమునకు నాయకురాలు: పేరేదైనను బాధ్యత యొక్కటియే. ఆజ్ఞాపించుటయే పెద్దఱికమని యనేకులు తలఁచుచున్నారు. పనిలోఁ బాలుగొన్న ప్రతివారి మాటకును జోటిచ్చుటయే నిజమైన పెద్దఱికమని మా యభిప్రాయము.

ఇది క్రొత్త ధర్మము కాదు. విభీషణుఁడు శరణు వేఁడి వచ్చినప్పుడు శ్రీరాముఁడు తన నిర్ణయమును వెంటనే ప్రకటింపక వానరవీరుల నడిగెను. సుగ్రీవుఁడు వలదనెను, అంగద జాంబవదాదులు సందేహించిరి, హనుమంతుఁడు చేర్చుకొనుట మేలనెను. అందఱి పలుకులును విన్న పిమ్మటనే రాముఁ డభయ మొసఁగెను. కౌరవసభలోనో, విదురునకు నాసనము మాత్ర ముండెను. హితవు నాలకించువారు లేకపోయిరి. ఫలమేమయ్యెనో యెల్ల రెఱుఁగుదురు. పీట వేయుట వేఱు, మాట వినుట వేఱు.

మన కాలమున నీ ధర్మమును స్త్రీలే యాచరించి చూపిన తావు గుజరాతునందలి యహమ్మదాబాదు. అచ్చటి బట్టల బజారులో స్త్రీలు తలపై మూటలు మోసి జీవించుచుండిరి. ఎంత దూరము మోసినను మోతకింతయని కూలి. మోతల లెక్క సరిగా వ్రాసియుంచువారు లేరు. 1971లో వీరు, మిల్లు కార్మికుల సంఘమున స్త్రీ శాఖను నడపుచున్న న్యాయవాది ఇలా భట్టు గారి నాశ్రయించిరి. సభ కూర్చఁగా, మనకొక సంఘ ముండవలెనన్న మాట వేదికమీఁదివారి నోట రాలేదు. క్రింద గుంపులోఁ గూర్చున్న యొక స్త్రీ నోట వచ్చెను. ఇలాబెన్ గారా మాటను జాఱవిడువలేదు. 1972లో 'సేవ' యను స్వయం ఉపాధి మహిళా సంఘ మట్లు పుట్టెను. యజమానియే లేనివారికిఁ గార్మికసంఘ మేలయని యధికారు లాక్షేపించిరి. సంఘము యజమానితోఁ బోరాడుటకే కాదు, పనివారి యైక్యమునకని వీరు వాదించి గెలిచిరి.

1974లో నాలుగు వేలమంది స్త్రీలు తలకు 10 రూపాయలు వేసికొని తమ బ్యాంకును స్థాపించిరి. వ్రాలు చేయనేరని వారికి బ్యాంకేమని మరల నాక్షేపణ! రాత్రియెల్ల మేల్కొని వారు తమ పేరు వ్రాయ నేర్చుకొనిరి. ఖాతాదారులను గుర్తించుటకు సంతకమునకు మాఱుగా ఛాయాచిత్రము నేర్పఱచిరి. చదువు లేదని యెవ్వతెను వెలివేయలేదు; ఆమెకుఁ దగినట్లు పద్ధతినే మార్చిరి. కార్యవర్గమునఁ గూరగాయ లమ్మువారు, బీడీలు చుట్టువారు మున్నగువారికి వారి వారి సంఖ్యనుబట్టి స్థానములు కల్పించిరి.

ఇట్టి పెద్దఱికమునకు మూల్యమును గలదు. 1981లో వైద్యవిద్యయందు దళితులకుఁ గేటాయించిన స్థానములపై నా నగరమునఁ గలహములు చెలరేఁగఁగా, ఇలాబెన్ గారు దళితుల పక్షమునఁ బలికిరి. సేవ సభ్యులలో ననేకులు వారే కదా! ఆ యేఁటనే మాతృసంఘము వీరిని వెలుపలికిఁ బంపెను. అయినను సేవ నిలిచినది. 2022లో నామె కాలధర్మము నొందునాఁటికి సభ్యుల సంఖ్య యిరువది లక్షలు దాఁటెను.

సోదరీమణులారా, మన గ్రామములందలి పొదుపు సంఘములను జూడుఁడు. చదువు వచ్చిన యొకతె లెక్క చదువును, తక్కినవారు తలయూఁపుదురు. గ్రహించిరో లేదో యడుగువా రరుదు. సమావేశమును గూలికిఁ బోవువారికి వీలగు వేళ నుంచవలెను. మౌనముగా నున్నవారిని బేరు పెట్టి యడుగవలెను. నాయకురాలు కడపటఁ బలుకవలెను. కాదన్నవారిని మఱునాఁడు బాధింపరాదు.

అందఱి నడిగినచోఁ బని సాగునా యని కొందఱందురు. వినుట యన్నచో నందఱి మాటయు నెగ్గించుట కాదు. రాముఁడు సుగ్రీవుని మాటను ద్రోసివేసెను. కాని కారణమును జెప్పెను. అంత మాత్రమునకే మనస్సులు నిలుచును.

మా యింటఁ బాచిపని చేయు నామె నే వేళ యనుకూలమని యిన్నేండ్లలో నొక్కసారియు నడుగలేదని యిది వ్రాయుచుండఁగా మాకుఁ దోఁచినది. కలము దించిన పిమ్మట మొదట నామెనే యడుగఁదలఁచితిమి.