బాకస్ చేతి పానపాత్ర

బరోక్ చిత్రకళకు బాట వేసినవారిలో ఇటలీ దేశీయుడగు కారవాజ్జో అగ్రగణ్యుడు. 1596-97 ప్రాంతమున ఆయన రచించిన ‘బాకస్’ పటము నేడు ఫ్లోరెన్సులోని ఉఫీజీ చిత్రశాలయందున్నది.

బాకస్ రోమనుల మధుదేవత. ద్రాక్షతీగకును ఉత్సవమునకును అధిపతి. తలపై ద్రాక్షాకులు దాల్చిన ఆ యువదేవుడు ఎడమచేత పానపాత్రను మనవైపు చాచుచున్నాడు. పాత్రలోని ద్రాక్షాసవముపై సన్నని అలలింకను అణగలేదు.

ఇక ముందున్న పండ్లను పరికింపుడు. దానిమ్మ పగిలినది, కొన్ని పండ్లు కుళ్లనారంభించినవి, ఆకులు వాడినవి. విందునకు పిలిచిన దేవుడే, యౌవనము మూడునాళ్ల ముచ్చటయని ఆ పండ్లచేత పలికించుచున్నాడు. పండుటయు చెడుటయు ప్రకృతి నడకలో వెంటవెంటనే పడు అడుగులు.

కారవాజ్జో 1610లో, 38 ఏండ్లకే గతించెను. నాలుగు శతాబ్దములు దాటినను ఆ చేయి వాలలేదు, ఆ అలలు ఆగలేదు. ఎదుట నిలిచి చూచువారే మారుచున్నారు.