సవరణకు పట్టిన పదమూడేండ్లు

జెనీవా సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బర్నర్స్-లీ 1991లో వెలువరించిన, వెబ్ పత్రముల రాకపోకలను నడుపు నియమావళియైన, హెచ్‌టీటీపీ తొలి రూపమునకు తెలిసిన ఆజ్ఞ 'గెట్' ఒక్కటియే. దూరమున నున్న సర్వరును పత్రమునిమ్మని అడుగుటకే గాని, దానిని దిద్దుటకు అందు మార్గము లేకుండెను. 1996 మే నెలలో ప్రకటితమైన 1.0 రూపము, ఫలానా చిరునామాయందలి పత్రమును తీసివేసి తానంపిన ప్రతిని నిలుపుమను 'పుట్' ఆజ్ఞను అనుబంధమున పేర్కొని ఊరకుండెను.

పుట్ ఆజ్ఞకొక సుగుణము కలదు. ఒకమారు పంపినను పదిమారులు పంపినను ఫలితమొక్కటియే గనుక, నడుమ సంబంధము తెగి జవాబు రాకున్నచో మరల పంపుటకు సంకోచింప బనిలేదు. కాని ఒక వ్యక్తి వివరములు ఏబది అంశములుగా నున్నచోట ఫోన్ నంబరు మాత్రమే మారినను ఆ ఏబదింటిని పంపవలసినదే. అంతియగాక, ఇరువురు ఒకే పత్రమును తెచ్చుకొని, ఒకరు నంబరును వేరొకరు ఊరిపేరును దిద్ది, తమ సంపూర్ణ ప్రతులను పంపినచో, వెనుక చేరినది ముందు చేరినదానిని తుడిచివేయును.

మారిన భాగమునే పంపుటకు 'ప్యాచ్' అను ఆజ్ఞ 1997 జనవరి నాటి 1.1 ప్రమాణమున, అదియు అనుబంధములోనే, చోటుచేసికొనెను. ఈ ఊహ కొత్తది కాదు: బెల్ ప్రయోగశాలలలో 1970ల తొలినాళ్లలో పుట్టిన 'డిఫ్' రెండు ఫైళ్ల భేదములను పట్టికగా వ్రాయగా, 1985లో లారీ వాల్ రచించిన 'ప్యాచ్' ప్రోగ్రాము ఆ పట్టికను పాత ఫైలునకు వర్తింపజేసి కొత్తదానిని నిర్మించెను. అయినను వెబ్‌లో ఆ ఆజ్ఞను అమలుపరచినవారు అరుదగుటచే 1999 జూన్ నాటి ప్రమాణము దానిని విడిచిపెట్టెను. 2010 మార్చిలో లీసా డుసో, జేమ్స్ స్నెల్ రచించిన ప్రత్యేక ప్రమాణముతో గాని దానికి స్థిరత్వము కలుగలేదు.

గ్రంథము చివరనుండు తప్పొప్పుల పట్టిక ఏ ముద్రణ నుద్దేశించినదో దానికే పనికివచ్చి, పుటలు మారిన వేరొక ముద్రణలో ఒప్పులనే చెరుపునట్లు, సవరణాజ్ఞయు తాను చూచిన మూలమునకే చెల్లును. అందుచే సర్వరు ప్రతి రూపాంతరమునకును 'ఈట్యాగ్' అను గుర్తునిచ్చుటయు, పంపువాడు ఆ గుర్తును 'ఇఫ్-మ్యాచ్' శీర్షికతో జతచేయుటయు, నడుమ పత్రము మారియున్నచో సర్వరు 412 సంఖ్యతో నిరాకరించుటయు ఏర్పడెను. పంపిన మార్పులన్నియు జరుగవలెను, లేదా ఒక్కటియు జరుగరాదనునది 2010 నాటి ప్యాచ్ ప్రమాణము విధించిన కఠిన నియమము.

మార్పులను ఏ భాషలో చెప్పవలెనో మాత్రము అది నిర్ణయింపలేదు. 2013 ఏప్రిల్‌లో వచ్చిన, జేసన్ అను దత్తాంశ రూపమునకు చెందిన, జేసన్ ప్యాచ్ చేర్చుట, తీసివేయుట, మార్చుట, జరుపుట, నకలు తీయుట, పరీక్షించుట అను ఆరు క్రియలను నిర్దేశించెను. 2014 అక్టోబరు నాటి జేసన్ మెర్జ్ ప్యాచ్ మారిన అంశములను మాత్రమే వ్రాసిన చాలునను సులభమార్గమును చూపెను గాని, 'నల్' విలువను తొలగింపునకు గుర్తుగా గైకొనుటచే ఆ విలువనే నిలుపగోరువానికి దారి లేకపోయెను. జాబితాలో ఒక్క పేరు మారినను జాబితా యంతయు పంపవలసివచ్చెను.

ఎన్నిమారులు పంపినను ఫలితమొక్కటియే యను పుట్ సుగుణమును ప్యాచ్ హామీ ఈయదు: జాబితా చివర ఒక పేరు చేర్చుమను సవరణ రెండుమారులు చేరినచో ఆ పేరు రెండుమారులు పడును. పంపవలసిన అక్షరములు తగ్గినకొలది ఉభయులు ముందుగా అంగీకరింపవలసిన విషయములు పెరుగును. పత్రము చిన్నదై, దానిని దిద్దువాడొక్కడే యైనచోట పుట్ ఆజ్ఞయే నేటికిని మేలు.