మీకు తెలుసా? కోఠి నుంచి అశోక్‌నగర్ దాకా ఒకేలా కనిపించే ఇంగ్లిషు మాటలు

పోటీ పరీక్షల ఇంగ్లిషు పేపర్లో నాలుగు ఆప్షన్లూ సరైనవే అనిపించే ప్రశ్న ఒకటైనా ఎదురవుతుంది. అక్కడ అర్థం తెలిస్తే చాలదు. ఆ మాటను ఎవరి గురించి, ఏ సందర్భంలో వాడతారో తెలియాలి. హైదరాబాద్‌లో కోఠి నుంచి నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వెళ్లే దారిలోనే ఇలాంటి మాటలు బోలెడున్నాయి.

రెసిడెన్స్ – రెసిడెన్సీ
మనిషి కాపురముండే చోటు ఏదైనా రెసిడెన్సే. రెసిడెన్సీ అనాలంటే వెనక ఒక హోదా ఉండాలి. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంట్ అనేవారు. 1798 నుంచి 1805 వరకు ఆ పదవిలో ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన భవనం అలా రెసిడెన్సీ అయింది. జనం మాత్రం ఉర్దూలో పెద్ద బంగ్లాను పిలిచినట్టే కోఠీ అన్నారు. చివరికి పేటకు ఆ పేరే నిలిచింది. ఆ పక్కనే ఉన్న ఉస్మానియా మెడికల్ కాలేజీలో పీజీ డాక్టర్లనూ రెసిడెంట్లనే అంటారు. పూర్వం ఇలాంటి డాక్టర్ల మకాం ఆస్పత్రిలోనే. వాళ్ల శిక్షణ కాలమూ రెసిడెన్సీయే.

కాలేజీ – యూనివర్సిటీ
పాఠాలు రెండు చోట్లా చెబుతారు. సొంత పేరుతో డిగ్రీ ఇచ్చే అధికారం మాత్రం యూనివర్సిటీది. 1949లో రెసిడెన్సీ భవనంలోకి వచ్చిన మహిళా కళాశాల విద్యార్థినులు దశాబ్దాల పాటు ఉస్మానియా యూనివర్సిటీ పట్టానే అందుకున్నారు. 2022లో ఆ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమైంది. ఆ తర్వాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

మ్యూటినీ – రివోల్ట్
సైనికులు తమ పై అధికారుల ఆజ్ఞను ధిక్కరిస్తే మ్యూటినీ. పాలకుల మీద ఎవరు తిరగబడినా రివోల్ట్. 1857లో ఈ రెండూ కోఠితో ముడిపడ్డాయి. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యంలో ఆజ్ఞను ధిక్కరించి వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను పట్టుకుని రెసిడెన్సీలో బంధించారు. ఆయన చేసింది మ్యూటినీ. ఆయన్ని విడిపించాలని జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని రెసిడెన్సీ మీద దాడి చేశారు. అది రివోల్ట్. మొత్తం 1857నే మ్యూటినీ అని రాసిన బ్రిటిష్ వాళ్లు దాన్ని బారకాసుల గొడవగా కుదించారు. కోఠి బస్టాప్ దగ్గరున్న స్మారకస్తంభం సైనికులు కాని వాళ్లూ ఆ పోరులో ఉన్నారని చెబుతుంది.

పేవ్‌మెంట్ – ఫుట్‌పాత్ – సైడ్‌వాక్
కోఠిలో పాత పుస్తకాలు పరిచి అమ్మేది ఫుట్‌పాత్ మీద. లండన్‌వాసి దాన్ని పేవ్‌మెంట్ అంటాడు, అమెరికావాసి సైడ్‌వాక్ అంటాడు. చిక్కల్లా పేవ్‌మెంట్‌తోనే. అమెరికాలో దానికి అర్థం బండ్లు తిరిగే రోడ్డు పైపొర. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు పేవ్‌మెంట్ మీద నడిచానంటే, నడిరోడ్డు మీద ఎందుకు నడిచావని అడుగుతారు.

క్వారంటైన్ – ఐసొలేషన్
జబ్బు వచ్చినవాణ్ని విడిగా ఉంచితే ఐసొలేషన్. రోగి దగ్గర మసలినవాణ్ని, జబ్బు బయటపడుతుందేమోనని కొన్నాళ్లు ఆపి ఉంచితే క్వారంటైన్. వెనిస్ రేవులో ఓడలను 40 రోజులు ఆపే పద్ధతి నుంచి పుట్టిన మాట అది. నారాయణగూడకు దగ్గర్లోనే నల్లకుంటలో ఉన్న ఫీవర్ హాస్పిటల్‌ను పాతకాపులు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైనే నోట నలిగి కోరంటి అయింది. అంటు జ్వరాలతో వచ్చి అక్కడ మంచమెక్కేవాళ్లకు నిజానికి కావలసింది ఐసొలేషన్. పేరు మాత్రం పాతదే అతుక్కుపోయింది.

లైబ్రరీ – రీడింగ్ రూమ్
పుస్తకాల సేకరణ ఉండి, పాఠకులకు వాటిని అందిస్తే లైబ్రరీ. కూర్చుని చదువుకునే చోటు రీడింగ్ రూమ్. 1901లో రెసిడెన్సీ బజారులో, అంటే నేటి సుల్తాన్ బజార్‌లో, పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం తెలుగు పుస్తకాల కోసం పెట్టిన లైబ్రరీ. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకాలకు కొదవ లేదు. అయినా గ్రూప్స్ అభ్యర్థులు సొంత మెటీరియల్ సంచిలో వేసుకుని పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. వాళ్లకది రీడింగ్ రూమ్. ఫ్రెంచివాళ్ల లిబ్రేరీ మాత్రం మూడోది: పుస్తకాల కొట్టు.

పర్సంటేజ్ – పర్సంటైల్
నూటికి ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పేది పర్సంటేజ్. నూటికి ఎంతమందిని దాటారో చెప్పేది పర్సంటైల్. పేపర్ కష్టంగా వస్తే 60 పర్సంటేజ్‌తోనే 99 పర్సంటైల్ తెచ్చుకోవచ్చు. తేలిగ్గా వస్తే 90 పర్సంటేజ్ ఉన్నా వెనకబడొచ్చు.

పోస్ట్ – వేకెన్సీ – జాబ్
పోస్ట్ అంటే ప్రభుత్వం మంజూరు చేసిన కొలువు. అందులో మనిషి ఉన్నా లేకున్నా అది పోస్టే. మనిషి లేకపోతే వేకెన్సీ. ప్రతి వేకెన్సీ వెనకా పోస్ట్ ఉంటుంది కానీ, ప్రతి పోస్టూ వేకెన్సీ కాదు. ఆ ఖాళీలో మీరు చేరి పనిచేస్తే అది మీ జాబ్. పేపర్లో ‘ఇన్ని వేల పోస్టులు’ అని హెడ్డింగ్ కనబడితే, అవి మంజూరైనవా, ఖాళీగా ఉన్నవా, నోటిఫికేషన్ పడినవా అని అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు వెంటనే ఆరా తీస్తారు. ఈ మూడింటి తేడా వాళ్లకు ఏ వొకాబులరీ క్లాసూ చెప్పక్కర్లేదు.