వార్తల్లో పదం: రిక్యుపరేటర్

డేటా సెంటర్లు కరెంటు ఎక్కడికక్కడే తయారుచేసుకోవాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మైక్రోటర్బైన్లు అనే చిన్న గ్యాస్ టర్బైన్ల పేరు వినబడుతోంది. వాటిని గిట్టుబాటు చేసే భాగమే రిక్యుపరేటర్.

ఇలాంటి టర్బైన్‌లో కంప్రెసర్ గాలి పీడనాన్ని సాధారణంగా మూడు, నాలుగు రెట్లే పెంచుతుంది. టర్బైన్‌ను తిప్పి బయటపడ్డ వాయువు ఇంకా 600 డిగ్రీల సెల్సియస్ దాపున ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఇంధనశక్తిలో ఇంచుమించు ఆరో వంతే కరెంటుగా మారుతుంది. రిక్యుపరేటర్ ఆ వేడిని పలుచని లోహపు రేకుల గుండా, ఇంధనం మండే గదికి వెళ్తున్న గాలికి అందిస్తుంది. రెండూ కలవవు, వేడి మాత్రమే చేతులు మారుతుంది. ఆ మేరకు ఇంధనం మిగులుతుంది. అమెరికాలో పుట్టిన క్యాప్‌స్టోన్ సి30 మైక్రోటర్బైన్ నిమిషానికి 96,000 చుట్లు తిరిగి 30 కిలోవాట్లు ఇస్తుంది. రిక్యుపరేటర్‌తో దాని సామర్థ్యం 26 శాతం.

అసలు తలనొప్పి డిజైన్‌లోనే. రేకుల విస్తీర్ణం పెంచితే వేడి బాగా అందుతుంది, కానీ బరువూ ఖర్చూ పెరుగుతాయి. దారులు ఇరుకైతే పీడనం పడిపోతుంది. ఆపి నడిపిన ప్రతిసారీ లోహం సాగి, ముడుచుకుని అతుకుల దగ్గర పగుళ్లివ్వొచ్చు. వేడి ఇంకా పెంచాలంటే మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ చాలదు, ఖరీదైన నికెల్ మిశ్రమాలు కావాలి.

విమాన ఇంజన్లలో ఇది కనబడదు. అక్కడ పీడనం ఎంత ఎక్కువంటే, కంప్రెసర్ గాలికి పొగ నుంచి తీసుకోదగ్గ వేడి దాదాపు మిగలదు. అమెరికా ఏబ్రమ్స్ ట్యాంకులోని 1,500 హార్స్‌పవర్ టర్బైన్‌కు మాత్రం రిక్యుపరేటర్ ఉంది.