చందా పైకము, నిర్భయ వాక్కు



కురుక్షేత్రమున శంఖములు మ్రోగుటకు ముందు ధర్మరాజు కవచము విప్పి, ఆయుధములు విడిచి, కాలినడకను శత్రుసేనలోనికి వచ్చి పితామహునకు నమస్కరించిన ఘట్టము మీరెరుగనిది కాదు. అప్పుడు భీష్ముడు తాను కౌరవుల అర్థమునకు కట్టుబడిన వాడనని, అందుచే వారి పక్షమున యుద్ధము చేయక తప్పదని ఒప్పుకొనెను. న్యాయమెటనున్నదో ఆయనకు తెలియును. మృత్యువు సైతము ఆయన యనుమతి లేక దరిచేరదు. అట్టి మహానుభావునికే అన్నము పెట్టిన చేయి నోరు కట్టివేసినప్పుడు, నెలకింత జీతము పుచ్చుకొని పదిమందికి వార్తలు చెప్పు సామాన్యుని మాట యేమి?

ఈ ప్రశ్న నేడు మరల వచ్చినది. సెల్‌ఫోనులో మన మనుమలు చూచు కార్యక్రమములలో కొన్ని పెద్ద సంస్థలవి కావు. ఒకరో, ఇద్దరో, తమ యింటి గదిలో కెమెరా ముందు కూర్చుండి లోకవ్యవహారము మాటలాడుదురు. వారికి యజమాని లేడు. మరి బియ్యమెట్లు వచ్చును?

పూర్వము భాగవతులాడించినను, హరికథ చెప్పించినను ఖర్చు గ్రామములోని దొరది, లేదా షావుకారుది. హారతి పళ్ళెము తిరిగినప్పుడు తక్కినవారు తోచినది వేసెడివారు. కథ మధ్యలో నిలిపి, ఫలానావారు ఇంత ఇచ్చినారని పేరు చదివి దీవించు ఆచారము, అదే చదివింపులు, మీకందరకు జ్ఞాపకముండును. యూట్యూబు సంస్థ 2017లో సూపర్ చాట్ అను పేర ప్రవేశపెట్టినది సరిగా ఇదియే. పైకము పంపినవాని పేరును, మాటయు అందరికిని రంగుపట్టీలో కనబడును, మాటలాడువాడు ఆగి వానిని పేరుపెట్టి పలుకరించును. ఆ దొర ముందు ఆ దొర వెట్టిచాకిరిని గూర్చి కథకుడు చెప్పగలిగెనా? చెప్పలేదు. చదివింపులలో నున్న చిక్కు ఆనాటిదే.

రెండవ మార్గము వ్యాపార ప్రకటనలు. మామూలు కార్యక్రమముల నడుమ వచ్చు ప్రకటనల రాబడిలో నూటికి 55 పాళ్ళు కార్యక్రమకర్తకు, 45 పాళ్ళు యూట్యూబునకు చెందును. వినుటకు బాగుగనే యున్నది. కాని సబ్బులమ్మువాడు తన సబ్బు ఒక హత్య ప్రక్కనో, మతకలహము ప్రక్కనో కనబడుటకు ఒప్పడు. అందుచే అట్టి విషయమెత్తిన కార్యక్రమమునకు పసుపుపచ్చని గుర్తు తగిలింతురు. దానితో ప్రకటనలు పలుచబడును. ఎవరును నోరు మూయలేదు, ఆజ్ఞ ఏదియు రాలేదు. రాబడి మాత్రము తగ్గినది. నాలుగు మారులట్లు జరిగిన పిమ్మట మాటలాడువాడు తనంతట తానే వంటలను గూర్చి, తీర్థయాత్రలను గూర్చి చెప్పుకొనును.

ఇక మూడవది చందా. ఇచ్చట మనవారు తరచు పొరబడు విషయమొకటి కలదు. సబ్‌స్క్రైబ్ అను మీట నొక్కినచో పైస ఖర్చు లేదు, ఆ కార్యక్రమముల జాబితాలో మన పేరు చేరును, అంతియే. లక్షమంది అట్లు నొక్కినను వాని యింటిలో పొయ్యి వెలుగదు. నెలనెల పైకమిచ్చునది జాయిన్ అను వేరొక మీట. 500 మంది నెలకు నూరేసి రూపాయలిత్తురనుకొందము. మొత్తము 50,000. అందు సంస్థ నూటికి 30 చొప్పున 15,000 మినహాయించుకొనును. మిగిలిన 35,000 లో గది అద్దె, కెమెరా పట్టువాని కూలి, దృశ్యములు కూర్చువాని కూలి పోవలయును. గోదావరి పొంగినప్పుడు భద్రాచలము పోయి రెండు దినములుండి కండ్లార చూచి చెప్పవలెనన్న ఆ ఖర్చును ఇందులోనిదే. గదిలో కూర్చుండి ఇతరులు చెప్పినదానిపై వ్యాఖ్యానించువారు పెక్కురు, చూచి వచ్చి చెప్పువారు కొందరే యగుటకు మూలకారణము నాకు ఈ లెక్కలోనే కనబడుచున్నది.

ఢిల్లీలో 2012లో ప్రారంభమైన న్యూస్‌లాండ్రీ అను సంస్థ ప్రకటనలను వలదని పాఠకుల చందాల మీదనే నిలువ సంకల్పించినది. రవీష్ కుమార్ గారు 2022 నవంబరులో తాము చిరకాలము పనిచేసిన టెలివిజను సంస్థను విడిచి యూట్యూబులో మాటలాడ నారంభించిరి. హైదరాబాదులో స్వతంత్రముగా కార్యక్రమము నడిపిన తులసి చందు గారు 2023లో తమకు వచ్చిన బెదిరింపులను బహిరంగముగ తెలిపిరి. యజమాని లేనివానికి తీసివేతయను భయము లేదు గాని, తగవు వచ్చిన నాడు వెనుక నిలుచుటకు వకీలును లేడు.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నేటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి యను పల్లెనుండి 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. వ్రాయుట, అక్షరములు కూర్చుట, అచ్చువేయుట, తపాలాకు పంపుట అన్నియు ఆ అన్నదమ్ములే. నేటి ఒంటిమనిషి కార్యక్రమమునకు వారిని పెద్దతాతలనవచ్చును. ఆ సంవత్సరముననే షబ్నవీసు వేంకటరామనరసింహారావు గారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను నడిపిరి. 1926 మే 10న సురవరము ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక పుట్టినది. సంపాదకీయమును ముందుగా చూపి అనుమతి పొందవలెనని ప్రభుత్వము కట్టడి చేయగా, ఆయన ఆ చోట ప్రపంచములోని గొప్పవారి సూక్తులను ఏరి వేసెనని చెప్పుదురు. తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపణకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. తీరప్రాంతమున ముట్నూరి కృష్ణారావు గారి కృష్ణా పత్రికకు తొలినుండియు ఇట్టి ఇక్కట్లే. కాశీనాథుని నాగేశ్వరరావు గారి కొక్కరికి మాత్రము అదృష్టవశమున అమృతాంజనముండెను. 1893లో పెట్టిన ఆ మందు వ్యాపారము 1908లో ఆరంభమైన ఆంధ్ర పత్రికను మోసినది. అందరికిని తలనొప్పి మందు దొరకదు.

అయితే చందా యిచ్చినచో వాక్కు దానంతటదియే స్వతంత్రమగునా? నా యభిప్రాయమున కాదు. ఒక దొర పోయి ఐదువందలమంది చిన్న దొరలు వచ్చిరి. ఇంటి ప్రక్కనున్న విషయమే చూడుడు. ఏజెన్సీ గ్రామములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెల్లదని 1970 నాటి ఒకటవ రెగ్యులేషను, జనులు వన్ ఆఫ్ సెవెంటీ యనునది, శాసించుచున్నది. ఒకడు భద్రాచల ప్రాంతమును గూర్చి కార్యక్రమము నడుపుచున్నాడనుకొందము. నెలకు నూరు రూపాయలియ్యగలవారిలో ఎక్కువమంది అంగళ్ళవారు, ఉద్యోగులు, అచ్చట ఇండ్లు కట్టుకొన్న గిరిజనేతరులు. ఆ చట్టమును ఉన్నదున్నట్లు వివరించిననాడు వారిలో సగము జాయిన్ మీటను వెనుకకు త్రిప్పుదురు. వివరింపకున్నచో కోయ రైతు గోడు వినిపించువాడు లేడు, ఏలయన ఆ రైతు వద్ద చందాకు నూరు రూపాయలు లేవు. ప్రభుత్వమును తిట్టుట సులభము, చందాదారులు చప్పట్లు కొట్టుదురు. చందాదారునికే చేదుమాట చెప్పుట కష్టము. నిర్భయ వాక్కునకు గీటురాయి ఇచ్చటనే యున్నది. తిట్ల కార్యక్రమములకు జనము మరింత చేరుచుండుట చూచి కొందరు దానినే ధైర్యమనుకొనుచున్నారు. పేరు, తేది, కాగితము చూపి చెప్పినది ధైర్యము. గొంతు పెంచి చెప్పినది గొంతు మాత్రమే.

కావున చందాయిచ్చు మీరు రెండు పనులు చేయవచ్చును. ఒకటి, లెక్క అడుగుట. మన యూరి కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా నుండి వసూలైన పైకముతో రామునికి గుడి కట్టించినందులకు గోలకొండ చెరలో పడెనని గదా వినుచున్నాము. దైవకార్యమునకే లెక్క అడిగిన లోకమిది, కార్యక్రమమునకు అడిగిన తప్పేమి? రెండవది, నచ్చని మాట యొకటి విన్నంతనే చందా మాన్పకుండుట. వాడు చెప్పినది అబద్ధమైన మానుడు, మనకు నొప్పి కలిగించినంత మాత్రమున మానకుడు.

మాన్పదలచినప్పుడు మార్గము తెలిసియుండవలయును. నెలనెల తానే పైకము కోసికొను ఏర్పాటునకు ఆటోపే యని పేరు. ఇట్టి కోతకు కనీసము 24 గంటలు ముందుగా మీకు సందేశము రావలెనని రిజర్వు బ్యాంకు నియమము. ఆ సందేశము సాధారణముగా ఇంగ్లీషున నుండును, చదువుకొన్న పిల్లవానిచే చదివించుకొనుడు. మీరు పైకము పంపు యాప్‌లోనే ఆటోపేల జాబితా యుండును, అందు పేరు చూచి రద్దు చేయవచ్చును. ఎవడైనను ఫోను చేసి, మీ చందా ఆపుటకు ఓటీపీ చెప్పుడని యడిగినచో వాడు ఏ కార్యక్రమమువాడును కాడు, దొంగ. ఫోను పెట్టివేయుడు.