కడుపు మోసినామెకు సెలవెవరిస్తారు?

2013 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఓ కేంద్రీయ విద్యాలయం టీచరుకు కవలలు పుట్టారు. కన్నది ఆమె కాదు, సరోగసీ పద్ధతిలో ఇంకొకామె మోసి కని ఇచ్చింది. టీచరు ప్రసూతి సెలవు అడిగితే, సరోగసీకి అలాంటి రూలు లేదని పైవాళ్లు కాదన్నారు. ఆమె హైకోర్టుకెక్కింది. 2015 జూలై 17న జస్టిస్ రాజీవ్ శక్‌ధర్ ఆమె వైపే తీర్పిచ్చారు. కడుపు మోయకపోయినా ఆమె తల్లే, సెలవు ఆమె హక్కే అన్నారు.

మంచి తీర్పే. నా ధ్యాస మాత్రం ఆ ఇంకొకామె మీదికే పోతుంది.

మనం తెలుగులో దీన్ని ‘అద్దె గర్భం’ అనేశాం. ఇల్లు అద్దెకిచ్చినామె పక్క వాటాలో హాయిగా నిద్రపోవచ్చు. ఇక్కడ ఆ వీలేదీ? అండం, వీర్యకణం ల్యాబ్‌లో కలిపి పిండం తయారు చేస్తారు. ఆ అండం సరోగేట్‌ది కాకూడదని చట్టమే చెబుతుంది. పిండం పెట్టే ముందు గర్భసంచి పొర మందం కావడానికి ఈస్ట్రోజన్ మాత్రలు. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్. నూనెలో కలిపిన ఆ మందును చాలాచోట్ల రోజూ పిరుదుకు సూదితో ఎక్కిస్తారు. పొడిచినచోటే పొడిస్తే గడ్డ కడుతుంది, కాపడం పెట్టుకోవాలి. మాయ తన హార్మోన్లు తానే తయారు చేసుకునేదాకా, అంటే పది పన్నెండు వారాలు, ఇదే వరస. పిండం పెట్టిన రెండు వారాలకు రక్తపరీక్ష. నిలవలేదంటే మళ్లీ మొదటికి. మూడుసార్లకు మించి ప్రయత్నించకూడదు.

బిడ్డ జన్యువుల్లో ఆమెది ఒక్కటీ ఉండదు. రక్తహీనత, బీపీ, ఆపరేషన్ కోత మాత్రం ఆమెవే. కాన్పైన రెండు మూడు రోజులకు పాలు పడతాయి. ఎవరి బిడ్డో రొమ్ముకేం తెలుసు? రవికె తడిసిపోతుంటే, పాలు ఆగడానికి కేబర్‌గోలిన్ మాత్ర ఇస్తారు.

2022 జనవరి 25న అమల్లోకొచ్చిన సరోగసీ చట్టం అద్దె అన్నదే లేకుండా చేసింది. పెళ్లయి, సొంత బిడ్డ ఉన్న 25–35 ఏళ్ల స్త్రీ మాత్రమే, అదీ జీవితంలో ఒక్కసారే, ఊరికే మోయాలి. వైద్యం ఖర్చులు, 36 నెలల బీమా బిడ్డ కావాలన్నవాళ్లు భరించాలి. ప్రతిఫలం ముట్టకూడదు. దీన్ని వ్యాపారంగా నడిపితే పదేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. పిండం పెట్టేలోపు ఆమె మనసు మార్చుకోవచ్చు.

ఈ కట్టడి ఊరికే రాలేదు. 2015లో విదేశీయులకు తలుపులు మూసేదాకా గుజరాత్‌లోని ఆనంద్ నుంచి ఢిల్లీ దాకా ఇదో పెద్ద బేరం. పేదింటి ఆడవాళ్లను దళారులే వెతికి తెచ్చేవారు. అయితే మందు రోగాన్ని మించిపోయిందేమోనని నా అనుమానం. నాది మాత్రమే కాదు. ఇదింకా బిల్లుగా ఉన్నప్పుడే, 2017 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం ఇదే అడిగింది: డాక్టరుకు ఫీజు ముడుతుంది, లాయరుకు ముడుతుంది, దంపతులకు బిడ్డ దక్కుతుంది, మోసినామె ఒక్కతే త్యాగం చేయాలా? పోయిన కూలి, మంచి తిండి, ఆమె పిల్లల్ని చూసుకునే మనిషి ఖర్చు, అన్నీ లెక్కగట్టి పరిహారం ఇవ్వమంది. చట్టంలోకి ఆ మాట ఎక్కలేదు. దళారులు పోయారా అంటే అదీ లేదు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఓ ఫెర్టిలిటీ సెంటర్ మీద కేసు పెట్టిన పోలీసులు, పేద దంపతుల దగ్గర కొన్న పసికందునే సరోగసీ బిడ్డగా అంటగట్టారని చెప్పారు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే గానీ సంగతి బయటపడలేదు.

సెలవు దగ్గరికే మళ్లీ వస్తాను. 2024 జూన్‌లో కేంద్రం తన సెలవు నిబంధనలు సవరించింది. బిడ్డను కోరుకున్న తల్లికీ, మోసిన తల్లికీ చెరో 180 రోజుల దాకా ప్రసూతి సెలవు, వాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే. నోయిడా అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషి కడుపు మోసిందనుకోండి. ఆమె రెండు రోజులు రాకపోతే మూడో రోజుకు ఆ సింకు దగ్గర ఇంకో మనిషి ఉంటుంది.